పాత ఇంట్లో మూడు పడకగదులు, చేతిలో రెండు లక్షలు: ముందు దేనికి పెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: రాజమండ్రిలో 18 ఏళ్ల నాటి సొంతిల్లు, మూడు బెడ్‌రూములు. ఒకటి మీ దంపతులది, ఒకటి పిల్లలిద్దరిది (అమ్మాయికి 13, అబ్బాయికి 8), ఒకటి మీ అత్తగారిది. గదులు చూస్తే మసకగా, పాతగా ఉన్నాయి, ఒక గోడ పొరలు పొరలుగా రాలుతోంది. రెండు లక్షల వరకు పెట్టగలరు. మీవారు ఫాల్స్ సీలింగ్ అంటున్నారు, మీకు వాల్‌పేపర్ మీద మనసుంది, ఇంటీరియర్ షాపువాళ్లు గోడ నిండా వార్డ్‌రోబ్‌కి కొటేషన్ ఇచ్చి వెళ్లారు. దసరాకి ఆడపడుచులు వచ్చేలోగా అయిపోవాలి.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఆ మూడూ వద్దు. గదులు ఖాళీ చేయడం, చెమ్మ కట్టడం, కరెంటు పని, కిటికీలకు దోమల మెష్, లైట్లు. డబ్బు ఈ వరుసలో పెట్టండి. రంగు ఆ తర్వాత. కర్టెన్లు, దుప్పట్లు చివర్న. దసరాలోపు రంగు తప్ప మిగతావన్నీ చేయించుకోవచ్చు. రంగు మాత్రం సంక్రాంతి వెళ్లాక వేయించండి. ఎందుకో చెబుతాను.

నేను విజయవాడ నుంచి ఇంటీరియర్, రిపేరు పనులు చేయిస్తాను. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో, ఎక్కువగా మీలాంటి పాత ఇళ్లే. కొత్త ఫ్లాట్లకి డిజైన్ ఇవ్వడం తేలిక. మనుషులు ఉంటున్న ఇంటిని, వాళ్లు ఉండగానే బాగుచేయడం వేరే పని.

ముందు గది ఖాళీ చేయండి. రంగు వేయించాలని పిలిచిన చాలా ఇళ్లలో నాకు మొదట కనపడేది గోడ కాదు. బీరువా మీద రెండు సూట్‌కేసులు, వాటి మీద ఏసీ వచ్చిన అట్టపెట్టె, దాని మీద చుట్టిన చాప. తలుపు వెనక కొక్కేలకి పది సంచులు, మూడు తువ్వాళ్లు, ఒక రెయిన్‌కోటు. తలుపు పూర్తిగా తెరుచుకోదు, సగంలో ఆగిపోతుంది. మంచం కింద చీపురు తిరగదు. ఇలాంటి గదికి ఎంత ఖరీదైన రంగు వేసినా నెల తిరక్కుండా మళ్లీ అలాగే ఉంటుంది.

ఒక ఆదివారం పెట్టుకుని ఒక్క గదిలో సామానంతా హాల్లోకి తెచ్చేయండి, మంచం, బీరువా తప్ప. అటక మీదవి కూడా. ఆ గదిలో పడుకునేవాళ్లకు, ఆ గదిలో అవసరమైనవి మాత్రమే తిరిగి లోపలికి వెళ్లాలి. మిగతావి ఎక్కడికి పోవాలన్నది ఇంట్లో గొడవే, ఒప్పుకుంటాను. పెళ్లినాటి స్టీలు సామాను, పిల్లల ఒకటో తరగతి పుస్తకాలు ఎవరూ పారేయనివ్వరు. వాటికి ఏదో ఒక గది అటక మొత్తం ఇచ్చేసి, పట్టాలు వేసి మూసేయండి. మిగతా రెండు గదుల అటకలు తేలికపడితే అదే చాలు. వార్డ్‌రోబ్ కొటేషన్ సంగతి ఆ తర్వాత ఆలోచించండి. గదులు ఖాళీ చేశాక కొత్త వార్డ్‌రోబ్ అక్కర్లేదని చాలామందే ఫోన్ చేసి చెప్పారు. నాకు వ్యాపారం పోయిందనుకోండి, అది వేరే విషయం.

ఇప్పుడు రాలుతున్న గోడ. ఇది మీ ప్రశ్నలో ఒక్క ముక్కగా రాశారు గానీ, అసలు కథంతా అక్కడే ఉంది. ఆ గోడకి అవతల ఏముందో చూడండి. మన ఇళ్లలో రాలే గోడ సాధారణంగా ఈ నాలుగింటిలో ఒకటి అయ్యుంటుంది.

అవతల బాత్రూమ్ ఉంటే, టైల్స్ మధ్య పాయింటింగ్ పోయి నీళ్లు లోపలికి దిగుతుంటాయి, లేదా గోడలో ఉన్న పైపు జాయింటు కారుతుంటుంది. ఎలా తెలుస్తుందంటే, రెండు రోజులు ఆ బాత్రూమ్ వాడకుండా చూడండి. మరక అంచు ఆరడం మొదలైతే నేల మీది నీళ్లే కారణం. ఏమీ మారకపోతే పైపుని అనుమానించాలి, పైపులో నీళ్లు ఎప్పుడూ ఉంటాయి కదా.

మరక కింద నుంచి పైకి పాకుతూ, అడుగు నుంచి మూడడుగుల ఎత్తులో ఆగిపోయి, ముట్టుకుంటే తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే అది నేల చెమ్మ. పునాది మీద డీపీసీ (నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా వేసే పొర) సరిగ్గా వేయని ఇళ్లలో, గోదావరి ఒడ్డున నేల నీళ్లు పైనే ఉండే చోట్ల ఇది మామూలే. మరక కిటికీ మూల నుంచి మొదలైతే బయట సన్‌షేడ్ పగులు చూడండి. పైకప్పు మూల నుంచి దిగితే డాబా మీద నీళ్ల గొట్టం మూతి చూడండి, అక్కడ ఆకులు అడ్డుపడి నీళ్లు నిలుస్తుంటాయి. ఐదోది ఒకటుంది, దాన్ని అందరూ మర్చిపోతారు: ఏసీ నీళ్లు పోయే సన్న గొట్టం. వాలు సరిగ్గా లేకపోయినా, గోడలో రంధ్రం దగ్గర సీల్ చేయకపోయినా ఆ నీళ్లు గోడలోకే దిగుతాయి. వేసవిలో కూడా గోడ తడిగా ఉందంటే ముందు దాన్నే చూస్తాను.

తేల్చుకోలేకపోతే ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ కవరు ముక్క తీసుకుని, నాలుగు వైపులా టేపుతో గోడకి గట్టిగా అంటించండి. ఒకటి రెండు రోజులు వదిలేయండి. కవరు లోపలి వైపు, అంటే గోడ వైపు నీటి బొట్లు పడితే చెమ్మ గోడలోంచి వస్తోంది. పై వైపు తడి ఉంటే అది గదిలోని గాలిలో ఉన్న తేమ. దానికి గోడ పగలగొట్టక్కర్లేదు, గాలి ఆడితే చాలు.

చెమ్మ మూలం కట్టకుండా లోపలి వైపు లప్పం పెట్టి రంగేస్తే ఒక్క వర్షాకాలం ఆగుతుంది. వాటర్‌ప్రూఫ్ అని రాసున్న డబ్బా పెయింటు వేసినా అంతే, నీళ్లు పక్కనుంచి దారి వెతుక్కుని మరో చోట బయటపడతాయి. బాత్రూమ్ కారణమైతే బాత్రూమ్ వైపు నుంచే పని చేయించాలి. టైల్స్ గట్టిగా ఉంటే పాత పాయింటింగ్ గీకి ఎపాక్సీ గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపే, నీళ్లు పీల్చని మిశ్రమం) పెడితే సరిపోవచ్చు. టైల్ మీద నాణెంతో కొడితే డొల్ల శబ్దం వస్తే మాత్రం లేపాల్సిందే. పడకగది వైపు ఉప్పు పట్టిన ప్లాస్టరింగ్ ఇటుక కనపడేదాకా కొట్టేసి, ఉప్పుని పొడి బ్రష్‌తోనే దులపాలి. నీళ్లతో కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. కొత్త ప్లాస్టరింగ్ చేశాక వారం రోజులు తడపాలి, ఆ తర్వాత కనీసం మూడు నాలుగు వారాలు ఆరనివ్వాలి.

అర్థమైందా, దసరాలోపు రంగు ఎందుకు వద్దన్నానో? వానల్లో ఆ గోడ ఆరదు. ఆరని గోడ మీద వేసిన లప్పం బుడగలు లేస్తుంది. పెయింటర్ మేస్త్రీ "ఏం కాదమ్మా, ప్రైమర్ కొడతాను" అంటాడు. ఆయన డబ్బు తీసుకుని వెళ్లాక కదా ఊడేది.

వాల్‌పేపర్ సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. తెనాలిలో ఒకరింట్లో ఇలాంటి గోడకే, మరకలు కనపడకుండా ఉంటుందని వేరేవాళ్లతో వాల్‌పేపర్ వేయించుకున్నారు. నన్ను పిలిచింది గదిలో వాసనొస్తోందని. మూల దగ్గర గోరుతో లాగితే పేపరు మొత్తం తడి అప్పడంలా వచ్చేసింది, వెనకంతా నల్లటి బూజు. ఆ గదిలో పడుకునే బాబుకి ఎప్పుడూ జలుబే. కోస్తాలో, గ్రౌండ్ ఫ్లోర్‌లో, బయటి గోడలకి వాల్‌పేపర్ నేను వేయను. కావాలనే ఉంటే ఇంటి లోపలి గోడకి, మంచం తలవైపు ఒక్క గోడకి వేసుకోండి. అదీ బాత్రూమ్ గోడ కాకపోతేనే.

దోమల మెష్ గురించి ఎవరూ అడగరు, కానీ గదిని మార్చేది అదే. మన ఊళ్లలో సాయంత్రం ఐదున్నరకి కిటికీలు మూసేస్తాం. మళ్లీ పొద్దున్న పనిమనిషి వచ్చాకే తెరుస్తాం, కొన్ని గదుల్లో అదీ లేదు. రాత్రంతా నలుగురి ఊపిరి, తడి తువ్వాలు, విడిచిన బట్టలు అన్నీ లోపలే. బూజు వాసన అక్కడినుంచే మొదలవుతుంది. ప్రతి పడకగదిలో ఎదురెదురుగానో, పక్కపక్క గోడలకో ఉన్న రెండు కిటికీలకైనా మెష్ వేయించండి. వెల్క్రోతో అంటించే నైలాన్ వల చవక, కానీ ఏడాది రెండేళ్లలో అంచులు ఊడతాయి. అల్యూమినియం ఫ్రేములో స్టీలు జాలీ వేయించి, పక్కకి జరిగేలా పెట్టించుకుంటే చాలాకాలం వస్తుంది. ఫ్రేము విప్పి కడుక్కునేలా ఉండాలి. దుమ్ము పేరుకున్న మెష్ గాలిని ఆపేస్తుంది. మీ ఇంట్లో పాతకాలపు చెక్క కిటికీలు బయటికి తెరుచుకునేవైతే మెష్ లోపలి వైపు రావాలి, అప్పుడు రెక్క మూయడానికి చెయ్యి ఎలా వెళ్తుందో ముందే అడగండి. ఇది అడగక వేయించుకుని, గాలివాన వచ్చినప్పుడు తిప్పలు పడేవాళ్లు ఉన్నారు.

కరెంటు పని. 18 ఏళ్ల క్రితం ఇల్లు కట్టినప్పుడు బెడ్‌రూముకి ఒక ట్యూబ్‌లైటు, ఒక ఫ్యాను, ఒక బెడ్‌లైటు, తలుపు పక్కన బోర్డులో ఒక ప్లగ్గు. ఇప్పుడు గదికి రెండు ఫోన్లు, ఏసీ, దోమల మందు, లాప్‌టాప్. అందుకే ప్రతి గదిలో నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు పాములా పడి ఉంటుంది. గోడ గాడి కొట్టే పని ఏదున్నా రంగుకి ముందే అయిపోవాలి కాబట్టి ఇప్పుడే చేయించండి. నేను ప్రతి పడకగదికీ చేయించేవి ఇవి: మంచానికి రెండు వైపులా ప్లగ్గు పాయింట్లు, పెద్ద లైటుకి టూ-వే స్విచ్ (ఒకటి తలుపు దగ్గర, ఒకటి మంచం పక్కన), ఏసీకి మెయిన్ నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో సొంత లైను. ఒకటిన్నర టన్ను ఏసీని మామూలు ప్లగ్గు లైను మీద నడిపే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ప్లగ్గు పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారితే అది వేడికి మాడుతోందని అర్థం, ఇవాళే ఆపేయండి. ఎలక్ట్రీషియన్ ఎలాగూ వచ్చాడు కాబట్టి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (షాక్ కొడితే కరెంటు వెంటనే ఆపేసే స్విచ్) ఉందో లేదో చూపించుకోండి. ఎర్తింగ్ కూడా.

లైట్ల విషయంలో నాది కాస్త పట్టుదలే. మీ గదులు మసకగా, నిర్జీవంగా ఉన్నాయంటున్నారు. చాలావరకు అది లైటు రంగు. డబ్బా మీద 6500 కెల్విన్ (వెలుతురు రంగుకి కొలత, అంకె తగ్గేకొద్దీ వెచ్చగా ఉంటుంది) అని ఉండే తెల్ల లైటు పడకగదికి పనికిరాదు, అందులో కొత్త దుప్పటి కూడా ఆసుపత్రి దుప్పటిలా ఉంటుంది. 3000 కెల్విన్ లైటు తెచ్చుకోండి. మరీ పసుపు కాదు, వెచ్చగా ఉంటుంది అంతే. పిల్లలు చదువుకునే బల్ల దగ్గర 4000. గదికి ఒకే పెద్ద లైటు కాకుండా రెండు మూడు చిన్నవి, వేర్వేరు ఎత్తుల్లో ఉంటే బాగుంటుంది: మంచం పక్కన గోడకి ఒకటి, అద్దం దగ్గర ఒకటి. రెండు లక్షల్లో దీనికయ్యేది కొద్ది వేలే. రంగుకంటే ముందు లైటు మార్చండి, ఎందుకంటే గోడ రంగు ఎంచుకునేది ఆ వెలుతురులోనే.

ఇక ఫాల్స్ సీలింగ్. మీవారికి ఈ లెక్క చూపించండి. పాత ఇళ్లలో కప్పు ఎత్తు తొమ్మిదిన్నర నుంచి పది అడుగులు. సీలింగ్ ఆరు అంగుళాలైనా తింటుంది. ఫ్యాను రాడ్డు కిందికి దిగుతుంది, అటక తలుపులు కప్పుకి ఆనుకుంటాయి. పైన డాబా అయితే, ఆ స్లాబు నుంచి నీళ్లు కారినా మొదట కనపడదు. జిప్సం బోర్డు ఉబ్బి మరక పడ్డాకే తెలుస్తుంది. వేడి తగ్గుతుందని వేయిస్తున్నారా? మేడమీది గదికి వేడి పైనుంచి వస్తుంది, దాన్ని పైనే ఆపాలి. డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించండి, లేదా పాతకాలంలోలాగా సున్నం. ఎండని తిరగ్గొట్టే తెల్ల కప్పు గది వేడిని తగ్గిస్తుందన్నది కొత్త మాట కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేకంగా కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది. ఫాల్స్ సీలింగ్ డబ్బులో కొంత భాగంతో డాబా పూత, మూడు గదులకీ బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారువి) వచ్చేస్తాయి. పాత ఫ్యాను 70, 80 వాట్లు తింటే ఇవి దాదాపు 30 వాట్లతో తిరుగుతాయి. రాత్రి ఇన్వర్టర్ మీద ఆ తేడా బాగా తెలుస్తుంది.

వార్డ్‌రోబ్‌కి కూడా లెక్కే. మీ గది 10 అడుగులు, 11 అడుగులు అనుకుందాం. ఆరడుగుల కింగ్ సైజు మంచం వేస్తే 10 అడుగుల వెడల్పులో మిగిలేది నాలుగడుగులు, అంటే పక్కకి రెండేసి. కాళ్ల వైపు గోడకి రెండడుగుల లోతు వార్డ్‌రోబ్ పెడితే, ఆరున్నర అడుగుల మంచం పోను మిగిలేది రెండున్నర అడుగులు. తలుపు తెరిచి నిలబడడానికి చోటుండదు. స్లైడింగ్ తలుపులంటారు, ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. అందుకే ఆ గదిలో ఐదడుగుల క్వీన్ మంచం, ఇప్పుడున్న బీరువా, గోడలో ఉన్న గూళ్లకి కొత్త తలుపులు. అంతే.

స్టీలు బీరువాని తీసిపారేయకండి. ఇరవై గేజి రేకుతో చేసిన పాత బీరువా ఇప్పుడు దొరికే వాటికంటే గట్టిది. ఊళ్లో స్ప్రే పెయింటింగ్ చేసేవాళ్లు తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, కావలసిన రంగు వేసిస్తారు. గోడ రంగే బీరువాకీ వేయించండి, అది గదిలో కలిసిపోతుంది. గూళ్లకి తలుపులు పెట్టించేటప్పుడు, అవి బాత్రూమ్ గోడకైతే ఐఎస్ 710 మార్కు ఉన్న మెరైన్ ప్లైవుడ్ అడగండి. లోపలి పొడి గోడకైతే ఐఎస్ 303 చాలు. ముద్ర ప్రతి షీటు మీదా ఉంటుంది, పని మొదలయ్యే ముందు మీ కళ్లతో చూసుకోండి. చెక్క గోడకి తగిలేచోట చెదల మందు కొట్టించడం మర్చిపోవద్దు.

సంక్రాంతి తర్వాత రంగు. మీ గోడకి ఇప్పుడున్నది డిస్టెంపర్ అయితే, చేత్తో రుద్దితే పొడి అంటుకుంటుంది. దాన్ని గీకి తీయకుండా పైన ఎమల్షన్ వేస్తే పొరలా లేస్తుంది. మేస్త్రీతో మాట్లాడేటప్పుడు "రెండు కోటింగులు" అని వదిలేయకండి. గీకడం, పగుళ్లు పూడ్చడం, అవసరమైనచోట లప్పం, ఎమెరీ పట్టడం, ఒక కోటు ప్రైమర్, రెండు కోట్లు ఎమల్షన్ అని కాగితం మీద రాయించుకోండి. ఎంత పెయింటు కావాలో మీకూ తెలియాలి. 11 అడుగులు, 12 అడుగుల గది పది అడుగుల ఎత్తుతో ఉంటే తలుపులు, కిటికీలు పోను గోడలు 400 చదరపు అడుగులు. నున్నటి గోడకి రెండు కోట్లకి ఆరేడు లీటర్లు పడుతుంది. ఇరవై లీటర్ల డబ్బా అయిపోయిందంటే అడగాలి మరి.

రంగు షేడ్ కార్డు చూసి ఎంచుకోకండి. చిన్న డబ్బా తెచ్చి గోడమీద రెండడుగుల చదరం వేయించి పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి లైటులో చూడండి. కార్డు మీద లేతగా కనపడింది నాలుగు గోడలకీ ఎక్కాక ముదురుగా అనిపిస్తుంది. పడమటి గదికి నేను పీచ్, పసుపు లాంటివి వేయనివ్వను. మే నెల మధ్యాహ్నం నాలుగింటికి ఆ గదిలో కూర్చుంటే ఎందుకో తెలుస్తుంది. లేత ఆకుపచ్చ, బూడిద కలిసిన తెలుపు అక్కడ చల్లగా ఉంటాయి. పైకప్పు మూడు గదులకీ తెలుపే.

పిల్లలున్న ఇల్లు కాబట్టి ఒక జాగ్రత్త. ఇంట్లో వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. మీ ఇంటి గ్రిల్స్‌కి, తలుపులకి ఉన్న పాత ఎనామెల్ అంతకుముందుది, అందులో సీసం ఉండొచ్చు. దాన్ని పొడిగా గీకితే వచ్చే దుమ్ము పిల్లలకి మంచిది కాదు. నీళ్లతో తడిపి రుద్దే వాటర్ పేపర్‌తో చేయించండి, కింద పట్టా పరిపించండి, ఆ రోజు పిల్లల్ని ఇంట్లో ఉంచకండి. ఒక్కో గదీ చేయించుకుంటూ, రంగు పడ్డ గదిలో రెండు మూడు రాత్రులు ఎవరూ పడుకోకుండా కిటికీలు తీసి వదిలేయండి. మెష్ ఉందిగా ఇప్పుడు.

ఇహ మీ అత్తగారి గది. ఆవిడ గదిలో మీ అభిరుచి పక్కన పెట్టండి. పెద్దవాళ్లు చీకట్లో కళ్లతో కాదు, చేతులతో నడుస్తారు. భీమవరంలో ఒక పెద్దావిడ గది చేశాం. రాత్రి లేస్తే ఆవిడ ఎడమ చేయి మంచం కోడుని పట్టుకుంటుంది, తర్వాత ట్రంకుపెట్టె అంచు, తర్వాత తలుపు చట్రం, అక్కడ స్విచ్. కొడుకు ఆ ట్రంకుపెట్టె తీసేసి నైట్ స్టాండ్ పెడదామన్నాడు. తీయనివ్వలేదు, దానికే రంగు వేసి అక్కడే ఉంచాం. మీరూ మంచం, పెట్టె, దేవుడి పటం ఉన్నచోట ఉన్నట్టే ఉంచండి. చేయాల్సినవి వేరే ఉన్నాయి. మంచం మీద కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి, పరుపుతో కలిపి 18 నుంచి 20 అంగుళాల ఎత్తు సరిపోతుంది. కొత్త స్టోరేజ్ మంచాల మీద మందపు పరుపు వేస్తే ఇంకా ఎత్తైపోతుంది. మంచం నుంచి బాత్రూమ్ దాకా నేలకి అడుగు ఎత్తులో చిన్న సెన్సర్ లైటు. బాత్రూమ్‌లో కమోడ్ పక్కన స్టీలు పట్టుకమ్మీ, అది టైల్‌కి కాదు, లోపల ఇటుకలోకి దిగేలా బిగించాలి. బిగించాక మీరే మీ బరువంతా వేసి వేలాడి చూడండి. కాళ్ల కింద జారే చిన్న డోర్‌మ్యాట్లు తీసేయండి. ఏసీ గాలి నేరుగా ఆవిడ మోకాళ్ల మీద పడకుండా మంచం జరపగలిగితే జరపండి.

ఆవిడది పాత టేకు మంచమైతే పాలిష్ చేయించండి, అమ్మకండి. దాని మీద బూరుగు దూది పరుపుంటే దూది ఏకించి కొత్త గుడ్డలో కుట్టించవచ్చు. ఆ పని చేసేవాళ్లు తగ్గిపోతున్నారు, కానీ మీ వైపు ఇంకా దొరుకుతారు. ఎండలో వేసిన దూది పరుపు మీద నిద్ర పట్టినంత సుఖంగా ఫోము మీద నాకు పట్టదు. ఇది నా మాట, డాక్టరు మాట కాదు.

పిల్లల గదిలో కార్టూన్ థీము వద్దు. ఎనిమిదేళ్లవాడికి ఇవాళ ఇష్టమైన బొమ్మ పదేళ్లకి సిగ్గు. వాడికి దుప్పటి, దిండు గలేబులు బొమ్మలవి కొనివ్వండి, మారిపోతే మార్చేయొచ్చు. ఆ గదిలో అసలు సమస్య అమ్మాయిది. 13 ఏళ్లు, తమ్ముడితో ఒకే గది. తనకంటూ ఒక మూల కావాలి. కప్పుకి ట్రాక్ బిగించి మందపాటి గుడ్డ కర్టెన్ ఒకటి మధ్యలో వేయించండి, రాత్రి లాగుకుంటే ఎవరి గది వాళ్లది. ఎవరి వైపు వాళ్లకి విడి లైటు, విడి ప్లగ్గు, తాళం వేసుకునే ఒక సొరుగు. ఇంకో రెండు మూడేళ్లలో ఆ అబ్బాయిని హాల్లోకో, నానమ్మ గదిలోకో మార్చాల్సి వస్తుంది, కాబట్టి ఇక్కడ గోడకి బిగించే ఫర్నిచర్ ఏదీ చేయించకండి. వాల్‌పేపర్ మీద మీ కోరిక ఇక్కడ వేరేలా తీర్చుకోవచ్చు: నాలుగడుగుల సాఫ్ట్ బోర్డు మీద మచిలీపట్నం కలంకారీ గుడ్డ పరిచి బిగిస్తే పిల్లలు టైంటేబుళ్లు గుచ్చుకుంటారు, గోడకి సెల్లో టేపు మరకలు పడవు. ఒక చిన్న మాట, తలుపు చట్రం మీద పిల్లల ఎత్తులు గీసి ఉంటే పెయింటర్లు రాకముందే దాని మీద మాస్కింగ్ టేపు అంటించండి. వాళ్లకి చెబితే "సరే" అంటారు, మధ్యాహ్నానికి అది తెల్లగా ఉంటుంది.

కర్టెన్లకి మంగళగిరి నూలు తాను తీసుకోండి. నిండుగా ఉంటుంది, అంచు అందం, వెలుతురు వడకట్టి వదులుతుంది. కుట్టించకముందే ఒకసారి ఉతకండి, నూలు మీటరుకి అంగుళం రెండంగుళాలు కుంచించుకుపోతుంది. కిటికీ వెడల్పుకి రెట్టింపు గుడ్డ పడుతుంది. రాడ్డు కిటికీ చట్రం మీద కాదు, దానికి అరడుగు పైన, రెండు పక్కలా అరడుగు ఎక్కువ ఉండేలా. పొడవు నేలకి అంగుళం పైన ఆపండి. ఫొటోల్లో నేలమీద జీరాడుతుంటాయి, రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో వారానికే అంచు నల్లబడుతుంది. పడమటి కిటికీకి మాత్రం వెనక మందపాటి లైనింగ్ వేయించండి. మంచం పక్కన నేలమీద వరంగల్ దరీ ఒకటి పరుచుకుంటే చాలు, గదికి రంగు అదే తెస్తుంది. కొత్త చేనేత దుప్పట్లు మొదటిసారి విడిగానే నానబెట్టండి.

వాస్తు గురించి అడగలేదు గానీ అత్తగారు అడుగుతారు. దక్షిణానికో తూర్పుకో తల ఉండేలా మంచం వేయడం దాదాపు ప్రతి గదిలో కుదురుతుంది, గొడవ పడక్కర్లేదు. గోడలు పగలగొట్టి గుమ్మాలు మార్చమంటే మాత్రం ఈ బడ్జెట్ ఒప్పుకోదు.

డబ్బు సర్దుబాటు సుమారుగా ఇలా చూసుకోండి. చెమ్మ, ప్లాస్టరింగ్, బాత్రూమ్ పని 35 వేలు. కరెంటు, లైట్లు, ఫ్యాన్లు 35. మెష్ 20. రంగు, గ్రిల్స్, తలుపులతో కలిపి 55. కర్టెన్లు, దుప్పట్లు, దరీలు 20. బీరువా స్ప్రే, మంచం పాలిష్, సాఫ్ట్ బోర్డు, పట్టుకమ్మీలు 20. చేతిలో 15 మిగల్చండి, పాత గోడ కొడితే లోపల ఏముంటుందో ఎవరూ చెప్పలేరు. ధరలు ఊరినిబట్టి అటూ ఇటూ అవుతాయి, డాబా పూత కావాలంటే కర్టెన్లు కొన్నాళ్లు ఆపండి. పనివాళ్లకి అడ్వాన్సు మూడో వంతు మించి ఇవ్వకండి. చివరి పది శాతం గది తుడిచి, స్విచ్‌బోర్డుల మీది రంగు గీకి శుభ్రం చేసి అప్పగించాకే.

దసరాకి చుట్టాలొచ్చేసరికి మీకు ఖాళీ గదులు, వెచ్చటి లైట్లు, సాయంత్రం కూడా తెరిచి ఉండే కిటికీలు ఉంటాయి. రాలే గోడ కొట్టేసి ఇటుకలు కనపడుతుంటే కనపడనివ్వండి, ముందు ఒక చీర తెరలా కట్టండి. ఆ గోడకి అవతల ఏముంది, మరక పైనుంచా కిందనుంచా, ఇల్లు గ్రౌండ్ ఫ్లోరా మేడా, ఈ మూడూ రాసి వీలైతే పగటి వెలుతురులో తీసిన ఫొటో పెట్టండి. బాత్రూమ్ టైల్స్ లేపాలా వద్దా అన్నది అప్పుడు చెప్పగలను.